కొంచెం నలతగా ఉంది

కిందటి సోమవారం పొద్దున టీం కాల్‌లో కొత్తగా చేరిన అమ్మాయి కెమెరా ఆపేసి, "ఐయామ్ ఎ బిట్ అండర్ ద వెదర్ టుడే, మీరు కానివ్వండి, నేను వింటూ ఉంటాను" అంది. ఎవరో "టేక్ కేర్" అన్నారు. పని మొదలైంది. ఒంట్లో కొంచెం నలతగా ఉందని చెప్పడానికి ఇంగ్లీషువాళ్లు వాడే మాట అది. ఆ పిల్ల దాన్ని మంచినీళ్లు తాగినంత తేలిగ్గా అనేసింది. ఆ ఒక్క మాట నోటికి పట్టడానికి ఇదే ఆఫీసులో ఒక మనిషి ఎంత అవస్థ పడిందో ఆ పిల్లకు తెలిసే అవకాశం లేదు. ఆ మనిషి కూర్చున్న చోట ఇప్పుడు ప్రింటరు పెట్టారు.

ఆమెను నేను అక్కా అని పిలిచేవాణ్ణి. మొదట్లో మేడం అన్నాను గానీ, "మేడం ఏంటికప్పా, నేనేమన్నా బళ్లో పంతులమ్మనా?" అని ఆమే మాన్పించింది. ఆమెది కన్నడనాట చింతామణి దగ్గర తెలుగు పల్లె. పెళ్లయ్యి ఈ నగరం అంచున ఉన్న కాడుగోడి చేరింది. నాది గోదావరి వైపు. మా ఇద్దరి తెలుగూ ఒకటే అని మొదటి నెలంతా నాకు నమ్మకం కలగలేదు.

మా పని వేరే దేశపు రవాణా కంపెనీ ఒకటి వాడుకునే సాఫ్ట్‌వేర్‌ను పరీక్షించి తప్పులు పట్టడం. ఆ సాఫ్ట్‌వేర్‌ను ఆమె "ఈయప్ప" అనేది. "ఈయప్ప ఈ పొద్దు మాట వినేట్లు లేడు" అనేది పొద్దున్నే. తప్పు దొరికితే మేం కుర్రవాళ్లం కేకలు పెట్టేవాళ్లం. ఆమె మాత్రం మంచం కింద దాక్కున్న పిల్లాణ్ణి చూపించినట్టు, "ఇదో, ఈడుండాడు చూడు" అని తెర మీద వేలు పెట్టి చూపించి ఊరుకునేది. మధ్యాహ్నం డబ్బా విప్పితే రోజూ సంగటి ముద్దే. ఎవరైనా అడిగితే సగం తుంచి ఇచ్చేసేది. అడగకపోతే మాత్రం ఇచ్చేది కాదు. "మొహమాటానికి తినేవాళ్లకు సంగటి దిగదప్పా" అనేది.

ఇంత మాటకారి మనిషీ రెండింటి కాల్ మొదలయ్యేసరికి మరొకరైపోయేది. అవతలి దేశంలో అప్పుడే పొద్దు పొడిచి, అక్కడి టీం లీడ్ కాఫీ కప్పుతో వచ్చి కూర్చునేది. మా అక్క కుడి అరచెయ్యి బల్ల అంచుకు అదిమిపెట్టి, పెదవులు కదుపుతూ చెప్పాల్సిన వాక్యం మొత్తం లోపల కూర్చుకునేది. అది తయారయ్యేసరికి మాటలు ఇంకెక్కడికో పోయేవి. అప్పుడు ఒక గుక్క నీళ్లు తాగేది. నీళ్లతో పాటు వాక్యం కూడా లోపలికి పోయేది. కాల్ అయిపోయాక నా వైపు కుర్చీ తిప్పి, చెప్పలేకపోయినదంతా తెలుగులో చెప్పేది. చాలాసార్లు అది ఆ కాల్‌లో అందరికంటే పనికొచ్చే మాట అయి ఉండేది. అప్పటికి అవతలివాళ్లు వెళ్లిపోయి ఉండేవారు.

ఒక ఏడాది చివర మేనేజరు ఆమెను గదిలోకి పిలిచాడు. అతను హైదరాబాదు నుంచి వచ్చినవాడు, చెడ్డవాడు కాదు. బయటికి వచ్చాక ఆమె నన్ను టీ కొట్టు దగ్గరికి తీసుకుపోయింది.

"మన టీంకు లీడ్ పోస్టు ఇంకొకరికి ఇచ్చినారప్పా."

"ఏమన్నాడు?"

"నా ఇంగ్లీషులో తప్పుల్లేవంట. కానీ నేచురల్‌గా లేదంట." టీ గ్లాసు రెండు చేతుల్తో పట్టుకుంది. "నేచురల్ అంటే ఏమప్పా? కొత్తిమీరా నేచురల్‌గా ఉండేకి? ఎట్ల నేర్చుకుంటారు దాన్ని?"

నాకూ అది పుట్టుకతో వచ్చింది కాదు. కాలేజీ హాస్టల్లో ఉత్తరాది కుర్రాళ్ల మధ్య పడి వచ్చింది. ఎప్పుడు వచ్చిందో నాకే తెలియదు. వాళ్లు మాట్లాడేటప్పుడు వాడే చిన్న చిన్న నుడికారాలు ఉంటాయి అక్కా, అవి పట్టుకుంటే కొంత నయం అన్నాను. ఏదో ఒకటి చెప్పాలని చెప్పిన మాట అది. ఆమె దాన్ని డాక్టరు రాసిచ్చిన మందులా తీసుకుంది.

ఇంట్లో కూతురుంది, పదో తరగతి, ఇంగ్లీషు బడి. ఫోన్లో స్నేహితులతో గలగలా మాట్లాడేది. "ఆ పాపను అడగొచ్చు కదా" అన్నానొకసారి.

"అడిగినా. నవ్వింది" అంది ఆమె. మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

అలా కాల్స్‌లో విన్న మాటల్లోంచి ఆమె ఏరుకున్న మొదటి మాట అండర్ ద వెదర్. అవతలి లీడ్ ఒకరోజు ముక్కు తుడుచుకుంటూ ఆ మాట అంది. అర్థమేమిటని ఆమె నన్నడిగితే ఒంట్లో బాగాలేదని చెప్పాను. అంతకుమించి చెప్పాలని నాకు తోచలేదు. తరవాతి నెలలో వాళ్ల మామగారు పోయారు. కర్మకాండలు అయ్యాక ఆఫీసుకు వచ్చింది. కాల్‌లో లీడ్, "నువ్వు కనబడలేదు, అంతా బాగానే ఉంది కదా?" అని అడిగింది.

ఆమె అరచెయ్యి బల్లకు అదిమింది. "మై ఫాదర్ ఇన్ లా వాజ్ అండర్ ద వెదర్. నౌ హి ఈజ్ ఎక్స్‌పైర్డ్" అంది.

అవతల లీడ్ కప్పు కింద పెట్టింది. ఇవతల ఒకడు మ్యూట్ నొక్కుకుని నవ్వాపుకోలేక బల్ల కిందికి వంగాడు. లీడ్ తేరుకుని, అయ్యో, చాలా బాధగా ఉంది అంది మర్యాదగా. ఆమెకు ఏదో తప్పు జరిగిందని అర్థమైంది, ఏం జరిగిందో అర్థం కాలేదు. కాల్ అయ్యాక ఎవరి వైపూ చూడకుండా నీళ్ల సీసా నింపుకోవడానికి లేచిపోయింది.

టీ కొట్టు దగ్గర చెప్పాను. అది చిన్న చిన్న వాటికి అక్కా. జలుబు, తలనొప్పి, కాస్త వొళ్లు వెచ్చబడటం, అంతే. పెద్ద జబ్బులకూ చావుకూ వాడరు.

"ఒంట్లో బాలేదు అని మనం దేనికైనా అంటాం కదప్పా. పడిశానికీ అంటాం, పోయేవాళ్లకూ అంటాం. వినేవాళ్లు మొకం చూసి ఎంత బాలేదో తెలుసుకుంటారు. వీళ్లకు రోగానికొక మాటా?" అంది. తరవాత, "ఇంతకూ దీంట్లో వాతావరణం ఏంటికొచ్చె?" అంది.

అది నాకూ తెలియదన్నాను. ఆ రోజు ఆమె మొదటిసారి నవ్వింది.

ఆ మాట మీద పట్టుదల అక్కణ్ణించే మొదలైంది. వేరే మాటలు నేర్చుకోవచ్చు కదా అంటే వినలేదు. "పడిన చోటే లేయల్ల" అంది. తప్పు మాటలో లేదు, అనడంలో ఉందని ఆమె తొందరగానే కనిపెట్టింది. లీడ్ ఆ మాట అన్నప్పుడు ముందు ఆగదు, తరవాత ఆగదు, దాని మీద బరువు పెట్టదు. పక్కన ఎ బిట్ అని ఒక చిన్న ముక్క తగిలిస్తుంది. ఆమె మాత్రం దాని ముందు ఊపిరి తీసుకుని, వెదర్ అన్న దాన్ని రెండు చేతులా ఎత్తి బల్ల మీద పెట్టినట్టు పలికేది. బస్సు దిగి ఆఫీసు గేటు దాకా నడిచేటప్పుడు గొణుక్కుంటూ వచ్చేది. నేను వెనకాల నడుస్తూ వినేవాణ్ణి. గేటు దగ్గర సంచులు తనిఖీ చేసే కన్నడ ఆవిడ ఒకరోజు, "యాకె మేడం, హుషారిల్వా?" అని అడిగింది. ఏం, ఒంట్లో బాలేదా అని.

"స్వల్ప అండర్ ద వెదర్" అంది మా అక్క హుందాగా.

ఆవిడ ఆకాశం వైపు చూసి, "హౌదు మేడం, మళె బరుత్తె" అంది. అవును, వాన వస్తుందని.

ఇద్దరం లిఫ్టులో పైదాకా నవ్వుకున్నాం. ఆమెను తలుచుకుంటే నాకు ముందు గుర్తొచ్చేది ఆ లిఫ్టే. కళ్లనీళ్లు చున్నీ కొంగుతో ఒత్తుకుంటూ, "ఆయమ్మ చెప్పిందే కరెక్టు" అంది.

కానీ కాల్‌లో మాత్రం కుదిరేది కాదు. ఒకసారి నిజంగానే పడిశం పట్టింది. అవకాశం దొరికిందని ఉత్సాహంగా చెప్పబోయింది. "సారీ, అండర్ ద వాట్?" అని అడిగింది లీడ్. ఈమె మళ్లీ చెప్పింది. లైను బాగాలేదు, మళ్లీ అడిగింది. చివరికి "ఐ యామ్ హావింగ్ కోల్డ్" అని చెప్పి నీళ్లు తాగింది. ఆ సాయంత్రం నాతో, "నా నాలుక మందమప్పా. దీన్ని మాయమ్మ సంగటితో సాకింది, ఇంకేమొస్తాది" అంది. నవ్వుతూనే అంది, కానీ మరుసటి రోజు గొణుగుడు లేదు.

కొన్నాళ్లకు ఆమె సంగటి డబ్బా సగం సగం మిగిలిపోవడం మొదలైంది. అడగకుండానే నాకు పెట్టేది. చుడీదారు భుజాల మీద నిలవకుండా జారేది. ఆఫీసు పక్క బేకరీలో ఒకరోజు బల్ల మీద బన్ను ముక్కలు ముక్కలుగా తుంచుతూ, తినకుండా, చెప్పింది. కడుపులో గడ్డ. చెడ్డ గడ్డే. డాక్టర్లు రెండు చోట్లా అదే చెప్పారు. శుక్రవారాలు మందు ఎక్కించుకోవాలి.

"ఆఫీసులో చెప్దాం అక్కా" అన్నాను.

"వద్దు." చుట్టూ చూసింది. "ప్రాజెక్టులో మనుషుల్ని తగ్గిస్తారని అంటాండారు కదా. జబ్బు మనిషుండాదంటే ముందు నన్నే తీస్తారు. మా ఇంటాయన స్కూలు వ్యాన్ తోలుతాడు. వైద్యమంతా నా ఉద్యోగం మీదనే ఉండాదప్పా. ఉద్యోగం ఉండేదాకా మందు, మందు ఉండేదాకా నేను."

"ఎన్నాళ్లని దాస్తావు?"

"దాచేదేముండాది. చిన్నగా చెప్తా" అంది.

చిన్నగా చెప్పడమంటే ఏమిటో నాకు అప్పుడు అర్థం కాలేదు.

ఒక శుక్రవారం నేను సెలవు పెట్టి ఆసుపత్రికి వెళ్లాను. వాళ్లాయన మధ్యాహ్నం పిల్లల్ని దింపడానికి వ్యాన్ తీసుకుపోవాలి, ఆ రెండు మూడు గంటలు ఎవరైనా తోడుంటే బాగుంటుందని అడిగింది. పెద్ద హాలు. వరసగా వాలు కుర్చీలు, ఒక్కొక్క దాంట్లో ఒక్కొక్కరు, పక్కన వేలాడే సీసాలు. ఎవరూ మాట్లాడటం లేదు. టీవీలో ఏదో వంటల కార్యక్రమం, శబ్దం లేకుండా. ఆమె తలకు స్కార్ఫు కట్టుకుంది. ఎడమ చేతికి సూది. ఒళ్లో లాప్‌టాప్.

"అక్కా, ఈరోజు కూడానా?"

"రెండింటికి కాల్ ఉండాది కదా."

రెండైంది. కెమెరా ఆపి ఉంచింది. చెవుల్లో పెట్టుకునే వాటిల్లో ఒకటి నాకిచ్చింది. పక్క కుర్చీలో ముసలాయన దగ్గుతుంటే మైకుకు అరచెయ్యి అడ్డం పెట్టింది. లీడ్ అందరినీ పలకరిస్తూ ఈమె దగ్గరికి వచ్చి, కెమెరా లేదేం, అంతా బాగేనా అని అడిగింది.

ఈసారి ఆమె పెదవులు ముందుగా కదలలేదు. బల్ల లేదు గనుక చెయ్యి అదమడానికీ లేదు. "ఓ, జస్ట్ ఎ బిట్ అండర్ ద వెదర్, నథింగ్ మచ్. షల్ వి స్టార్ట్ విత్ ద ఓపెన్ డిఫెక్ట్స్?" అంది.

ఎక్కడా ఆగలేదు. గొంతులో చిన్న నవ్వు కూడా ఉంది. లీడ్ అంతే తేలిగ్గా, "పూర్ థింగ్, టేక్ కేర్. యెస్, లెట్స్ స్టార్ట్" అంది. అవతల ఎవరో కాగితాలు తిప్పిన చప్పుడు. పని మొదలైంది. ఎవరికీ ఏ అనుమానమూ రాలేదు. ఆమె అన్న మాట ఆమె అన్నట్టుగానే వాళ్లకు చేరింది. పడిశమంత, తలనొప్పంత.

ఆమె మ్యూట్ నొక్కి నా వైపు తిరిగింది. కళ్ల కింద నల్లగా ఉంది, పెదవులు పగిలి ఉన్నాయి. పలక చూపించే పిల్లలా అడిగింది.

"సరిగ్గా వచ్చెనా?"

"వచ్చిందక్కా."

"నేచురల్‌గా?"

తలూపాను. ఆమె తృప్తిగా తల కుర్చీకి ఆనించి, మ్యూట్ తీసి, ఈయప్ప ఆ వారం ఎక్కడెక్కడ తప్పులు చేశాడో ఒక్కొక్కటీ ఇంగ్లీషులో చెప్పుకుంటూ పోయింది. సగంలో వాంతి వచ్చింది. నర్సు పళ్లెం పట్టుకుంది. నేను ఆమె పేరు మీదే చాట్‌లో, నెట్ పోయింది, ఒక్క నిమిషం అని రాశాను. మూతి తుడుచుకుని మళ్లీ చేరింది.

ఆ తరవాత ఆమెకు ఇంగ్లీషు భయం పోయింది. అది నిజం. దేనికి భయపడాలో తెలిసినవాళ్లకు మిగతా భయాలు పోతాయేమో. కాల్స్‌లో మధ్యలో కలగజేసుకుని మాట్లాడేది. ఒకసారి లీడ్‌ను నవ్వించింది కూడా. ఆ ఏడాది మేనేజరు ఆమె గురించి, మాట తీరు చాలా మెరుగుపడింది, సహజంగా ఉంది అని రాశాడు. ఆమె అది నాకు ఫోన్లో చూపించింది. ఇంకో నెలకు ఆ రవాణా కంపెనీ పనంతా ఇంకో దేశానికి తరలించుకుపోయింది. మాలో సగంమందిని తీసేశారు. నన్ను ఇంకో ప్రాజెక్టుకు మార్చారు, ఆమెను తీసేశారు.

హెచ్ఆర్ గదిలోంచి ఆమె వచ్చేదాకా నేను బయట నిలబడ్డాను. ఎక్కువసేపు పట్టలేదు.

"చెప్పావా అక్కా? జబ్బు సంగతి?"

"చెప్పినా." బ్యాగు జిప్పు లాగుతూ ఉంది, అది పడటం లేదు. "ఆ హెచ్ఆర్ పాప ఏడ్చిందప్పా. చిన్న పిల్ల. పైనుంచి వచ్చిన పేర్లంట, ఆమె చేతిలో ఏమీ లేదంట. ఇన్నాళ్లూ ఏంటికి చెప్పలేదు, చెప్పింటే ఏమన్నా చేసేవాళ్లమేమో అనింది."

"చేసేవాళ్లా?"

"ఎవరికి తెలుసు." జిప్పు వదిలేసింది. "మొదటే చెప్పింటే మొదటే తీసుంటారు. గమ్మునుంటే ఇప్పుడు తీసినారు. నడిమధ్య కొన్ని శుక్రవారాలు మిగిలె. అంతేప్పా లెక్క."

ఆఫీసు బీమా ఆ నెలాఖరుకు ఆగిపోయింది. పెద్దాసుపత్రి మాని ప్రభుత్వ ఆసుపత్రికి మారారు. అక్కడ వైద్యులు మంచివాళ్లే, కానీ పొద్దున్నే పోయి వరసలో నిలబడాలి. ఆమె నిలబడలేకపోయేది. వాళ్లాయన నిలబడేవాడు, ఈమె వ్యాన్‌లో పిల్లలు కూర్చునే చిన్న సీట్లో ఒరిగి పడుకునేది. నేను ఫోన్ చేసినప్పుడల్లా, "బాగుండా" అనేది. ఆ మాటను ఎంత బరువుతో అంటుందో విని ఎలా ఉందో తెలుసుకోవడం నాకు అలవాటైంది. రాను రాను ఆ మాటలో గాలి తప్ప ఏమీ ఉండేది కాదు. వానలు పట్టాక ఒక పొద్దున వాళ్లాయన ఫోన్ చేశాడు.

కాడుగోడి రైల్వే స్టేషను వెనక సందులో వాళ్లిల్లు. నేను వెళ్లేసరికి అంతా అయిపోయింది. వాళ్లాయన గుమ్మంలో ఎవరితోనో మాట్లాడుతూ నిలబడ్డాడు. నన్ను చూసి, "రాప్పా" అని మాత్రం అన్నాడు. ఆఫీసు నుంచి ఇంకెవరూ రాలేదు. ఆమెను ఎరిగినవాళ్లలో నేను తప్ప అప్పటికి అక్కడ ఎవరూ మిగల్లేదు కూడా.

లోపల కూతురు గోడకానుకుని కూర్చుంది. పొడుగైంది, తల్లి ముక్కే. నేనెవరో చెప్పాను. మీ అమ్మతో కలిసి పనిచేశాను అన్నాను. ఆ పిల్ల నన్ను చూసి, ఇంగ్లీషూ తెలుగూ కలిపి అడిగింది.

"అంకుల్, ఆఫీసులో మా అమ్మ ఏం చేస్తాండె? ఐ మీన్, అక్కడందరూ ఫారినర్స్‌తో మాట్లాడల్ల కదా. అమ్మకు ఇంగ్లీష్ రాదు కదా."

"వచ్చు" అన్నాను. "చాలా బాగా మాట్లాడేది. నేను విన్నాను."

ఆ పిల్ల మర్యాదగా తలూపింది. నమ్మలేదు. పొద్దుటినుంచీ వచ్చిన వాళ్లంతా వాళ్లమ్మ గురించి మంచి మాటలే చెప్పి ఉంటారు. అవన్నీ విని విని, చావింటికి వచ్చిన పెద్దవాళ్లు ఏం చెప్తారో, దానికి ఎలా తలూపాలో ఆ పిల్లకు అప్పటికే తెలిసిపోయింది. ఇంకా చెప్దామనుకున్నాను. ఆ హాలు, వాలు కుర్చీ, ఆ మధ్యాహ్నం ఆమె గొంతులో వినిపించిన చిన్న నవ్వు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. వినడానికి ఆ పిల్ల కళ్లలో ఓపికా లేదు.

"థ్యాంక్స్ అంకుల్" అని, నాకు కాఫీ తేవడానికి లేచి లోపలికి వెళ్లింది.